విప్పి చూసి నేర్చుకున్న జి.డి. నాయుడు



ఈ ఏడాది పత్రికకు ఎవరి జీవితం రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా, జవాబు బడి గేటు దగ్గర దొరికింది. తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయిని దింపడానికి వాళ్ల నాన్నగారు పాత ప్రీమియర్ పద్మిని కారులో వస్తారు. అది తాతగారి కారు. ఇంతకుముందు పనిచేసిన ఊళ్లో ఏదో షెడ్డులో ఇచ్చి, చూడ్డానికి బాగుంటుందని కారును నాలుగు వేళ్ల ఎత్తు కిందికి దింపించారట. అందం వచ్చింది కానీ సుఖం పోయింది. మిషన్ వీధిలో ఒక్క స్పీడ్ బ్రేకర్ దాటితే చాలు, కింద ధడేల్మని చప్పుడు. నడుము నొప్పి వల్ల అమ్మగారు ఆ కారు ఎక్కడం మానేశారు. ఏప్రిల్‌లో బదిలీ ఉత్తర్వులు వస్తాయి కాబట్టి ఈలోగా కారు అమ్మేద్దామని నాన్నగారి ఆలోచన. తాతగారి గుర్తు పోతుందని అబ్బాయి బెంగ. ఏ కంపెనీ షాక్ అబ్జార్బర్లు వేయిస్తే బాగుంటుందో చెప్పమని వాడు తెలుగు టీచర్నైన నన్ను అడిగాడు!

నాకు కంపెనీల సంగతి తెలియదు. కానీ ఆ ప్రశ్న వినగానే ఒక మనిషి గుర్తొచ్చాడు. ఏ యంత్రాన్నైనా ముందు విప్పి చూసి, కొలిచి, ఆ తర్వాతే మాట్లాడిన మనిషి. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు.

కోయంబత్తూరు చుట్టుపక్కల ఎన్నో తరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మీలో చాలామందికి ఈ బతుకు తెలిసిందే. అలాంటి ఒక రైతు కుటుంబంలో, కలంగల్ అనే పల్లెలో, 1893 మార్చి 23న నాయుడు పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. బడి మీద మనసు నిలవలేదు. ప్రాథమిక తరగతుల్లోనే చదువు ఆగిపోయింది. పొలం పనుల్లో పడ్డాడు.

యుక్తవయసులో ఒకనాడు ఆ పల్లెకు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెడుతోంది. అది చూశాక ఆ కుర్రవాడికి నిద్ర పట్టలేదు. అలాంటి బండి కొనాలని ఊరు వదిలి కోయంబత్తూరు చేరాడు. ఒక హోటల్లో సర్వరుగా చేరి, కొన్నేళ్లపాటు పైసా పైసా కూడబెట్టాడు. చివరికి మూడు వందల రూపాయలు పోసి అదే అధికారి దగ్గర బండి కొన్నాడని చెబుతారు. కొన్నవాడు ఊరంతా తిరిగి గొప్ప చూపించుకోవాలి కదా? నాయుడు ఆ బండిని ముక్కలు ముక్కలుగా విప్పాడు. ఏ ముక్క ఏ పని చేస్తుందో చూసుకుని మళ్లీ బిగించాడు. ఆయన చదివిన ఇంజనీరింగ్ కాలేజీ అదే.

తర్వాత పత్తి వ్యాపారంలోకి దిగాడు. తిరుప్పూరులో సంపాదించినదాన్ని బొంబాయి వెళ్లి పోగొట్టుకున్నాడు. చేతిలో ఏమీ మిగలలేదు, పని తప్ప. కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న రాబర్ట్ స్టేన్స్ అనే ఆయన ఈ యువకుడి తెలివిని గుర్తించి అప్పు ఇచ్చి ఆదుకున్నాడు. ఆ డబ్బుతో నాయుడు ఒక బస్సు కొని 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య నడిపాడు. యజమానీ తానే, డ్రైవరూ తానే.

ఆ కాలపు ప్రయాణం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. కంకర రోడ్లు, బండి చక్రాల గాడులు. బండి కింద ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాన్ కట్టలు. చక్రం గుంతలో పడితే కమాను వంగి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది. కానీ దాచుకున్నదాన్ని మళ్లీ వదిలేస్తుంది. అందుకే బండి పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. పట్టీల మధ్య రాపిడి ఆ ఊపును కొంత తగ్గిస్తుంది, అంతే. లోకమంతా తిరిగిన ఫోర్డ్ మోడల్ టి కారుకు కంపెనీవాళ్లు షాక్ అబ్జార్బర్లే బిగించలేదు. 1927 చివర్లో వచ్చిన మోడల్ ఎ కారుకు మాత్రం ఫ్రాన్స్ దేశస్థుడు హుడాయ్ రూపొందించిన పద్ధతిలో, నూనెతో పనిచేసే షాక్ అబ్జార్బర్లు వచ్చాయి. నూనె సన్నని రంధ్రాల గుండా దూరి వెళ్లేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. స్ప్రింగు దెబ్బను మోస్తుంది, షాక్ అబ్జార్బరు ఊపును ఆపుతుంది. ఈ రెండు పనులూ వేరు.

నాయుడి బస్సులు ఒకటి పదై, పది వందై పెరిగాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్, క్లుప్తంగా యు.ఎం.ఎస్., 1930ల నాటికి రెండు వందలకు పైగా బస్సులు నడిపే సంస్థ అయింది. వ్యాపారం పెరిగినా ఆయన చేతిలో స్పానరు ఆగలేదు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి రసంత్ అనే గడ్డం గీసుకునే యంత్రం చేశాడు. పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా చేశాడు. డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో తయారుచేసిన ఎలక్ట్రిక్ మోటారు మన దేశంలో తయారైన తొలి మోటారుగా పేరు పొందింది. ఇవాళ కోయంబత్తూరు అంటే మోటార్లు, పంపులు గుర్తుకు రావడానికి అలాంటి ప్రయత్నాలే పునాది.

బడి మానేసిన నాయుడు పెద్దయ్యాక బడులు కట్టాడన్నది మీరు మరిచిపోకూడదు. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థలు వెలిశాయంటే అందులో ఆయన పాత్ర పెద్దది. ఆ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. దానికి ఆయన ప్రిన్సిపాలుగా కూడా పనిచేశాడు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువును బాగా కుదించవచ్చని ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నాడు.

అన్నీ గెలుపులే కావు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారుచేశాడు. ధర రెండు వేల రూపాయలే. దాన్ని తయారుచేసి అమ్మడానికి ప్రభుత్వ అనుమతి దొరకలేదు. సామాన్యుడి కారు ఆ నమూనా దగ్గరే ఆగిపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అయినా ఆయన పని ఆపలేదు. 1967లో తన పరిశోధనలతో, సేకరణతో ఒక పారిశ్రామిక ప్రదర్శనశాల తెరిచాడు. 1974 జనవరి 4న కన్నుమూశాడు. ఆయన కుటుంబం 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం ప్రారంభించింది. పాత కార్లు వరుసగా నిలబడి ఉంటాయి. సెలవుల్లో వెళితే రంగులు మాత్రమే చూసి వచ్చేయకండి. వంగి, చక్రాల వెనక ఏముందో కూడా చూడండి.

ఇక మన అబ్బాయి ప్రశ్న దగ్గరకు వద్దాం. నాయుడి కథ చెప్పి, కారు విప్పకపోయినా కనీసం కొలవమన్నాను. నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ దగ్గరకు వాడూ నాన్నగారూ వెళ్లారు. ఆయన ముందు టేపు తీశాడట. షెడ్డువాళ్లు ముందు స్ప్రింగులను కోసి పొట్టి చేశారు కానీ షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచారు. కారు కిందికి దిగడంతో వాటి కడ్డీ ఎప్పుడూ సగానికి పైగా లోపలే ఉంటోంది. చిన్న ఎత్తు తగిలినా ఇక లోపలికి పోవడానికి చోటు లేక అడుగును కొడుతోంది. ఆ ధడేల్ చప్పుడు అదే. పైగా కోసిన స్ప్రింగు ముందుకంటే గట్టిగా అవుతుంది. అరిగిన పాత షాక్ అబ్జార్బరు దాని ఎగురును ఆపలేదు.

అందుకని అబ్బాయి నోట్‌బుక్‌లో మూడు కొలతలు రాసుకున్నాడు. కారు మామూలుగా నిలబడ్డప్పుడు షాక్ అబ్జార్బరు రెండు కళ్ల మధ్య దూరం, చక్రం పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు దూరం, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు దూరం. కొత్తది మూసుకున్నప్పుడు రెండో కొలత కంటే పొట్టిగా ఉండాలి. సాగినప్పుడు మూడో కొలత కంటే తక్కువ కాకూడదు. దాని బిగువు స్ప్రింగు గట్టిదనానికి సరిపోవాలి. రబ్బరు బుష్షులు, బంప్ స్టాపర్లు చూసుకోవాలి. ఎడమ కుడి రెండూ కలిపి మార్చాలి. బిగించాక కారు మూల నొక్కి వదిలితే ఒక్కసారి లేచి కుదురుకోవాలి. కోసిన స్ప్రింగులు ప్రమాదకరమనీ, సరైనవి వేసి కారును అసలు ఎత్తుకు తేవడమే అన్నిటికంటే మేలనీ, ఎత్తు మార్చేముందు ఆర్టీవో కార్యాలయంలో అడిగి ఉండాల్సిందనీ ఆయన చెప్పాడట. కంపెనీ పేరు మాత్రం చివర్లో వచ్చింది.

కారు ఉంచుతారో అమ్ముతారో నాన్నగారు ఇంకా తేల్చలేదు. కానీ ఇప్పుడు అబ్బాయి బతిమాలడం లేదు, లెక్క చూపించి మాట్లాడుతున్నాడు. నాన్నగారు వింటున్నారు.

పిల్లలూ, మనం బదిలీల మీద తిరిగేవాళ్లం. నాకిది ఆరో ఊరు. ప్రతి ఊళ్లోనూ కొత్త గుంతలు, కొత్త ఎత్తులు. వాటిని మనం మార్చలేం. కొత్త ఊరికి వెళ్లినప్పుడు ఫిర్యాదుతో కాకుండా నాయుడిలా కుతూహలంతో మొదలుపెట్టండి. ఏది ఎలా పనిచేస్తుందో విప్పి చూడండి. మళ్లీ బిగించడం మాత్రం మరిచిపోకండి.