విలియం కేరీ గారి పనిబల్లయు, ఇల్లును

మన తెలుగు భాషకు 1814లో వ్యాకరణమును, 1818లో క్రొత్త నిబంధనను సేరంపూరు అచ్చుకూటమునుండి వెలువరించిన కేరీ గారిని ఎరుగనివారు మన సంఘములలో అరుదు. ఆయన పాండిత్యమును గూర్చి అనేకులు వ్రాసియున్నారు. మేము ఈ మాసము ఆయన పనిబల్లను, ఇంటిని మాత్రమే చూడగోరుచున్నాము.

ఆయన 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అను పల్లెలో ఒక నేతగాని కుమారుడుగా పుట్టెను. ఎండ తగిలిన చర్మము బాధించుచుండుటచే పొలము పని సాగలేదు. అందుచేత పిడింగ్టను గ్రామమున ఒక యజమానుని యొద్ద జోళ్లు కుట్టుట నేర్చుకొన చేరెను. క్రిస్మసుకు వర్తకులు పనిపిల్లలకు మామూలు ఇచ్చుట అచ్చటి వాడుక. ఇనుప సామానుల వర్తకుడొకడు ఈ పిల్లవానికిచ్చిన షిల్లింగు చెల్లని ఇత్తడిదని, తనకు కావలసిన వస్తువులు కొనుక్కొన్న తరువాత తెలిసెను. అంతట యజమానుని సొమ్ములోని మంచి షిల్లింగు చెల్లించి, ఇత్తడిది యజమానుని లెక్కలో కలిపెను. పైగా ఈ అబద్ధము బయటపడకుండ దాటించుమని దేవుని ప్రార్థించెను! ఇట్టి ప్రార్థన మనలో ఎందరము చేయలేదు? యజమానుడు విచారింప మనిషిని పంపగా వర్తకుడు నిజము చెప్పివేసెను. చాలకాలము ఆ పిల్లవాడు జనులకు ముఖము చూపలేకపోయెను. తన హృదయమెట్టిదో ఆయనకు తెలియజేసినది ఆ షిల్లింగే.

తరువాత బోధకుడైనను జోళ్లు కుట్టుట మానలేదు. డేరాలు కుట్టిన పౌలువలె చేతిపనితోనే ఇల్లు గడుపుకొనెను. బెంగాలులో 1794 మొదలు 1799 వరకు నీలిమందు కార్ఖానా నడిపి, ఆ జీతముతో బ్రదుకుచు తర్జుమా సాగించెను.

ఇక ఇంటి సంగతి. 1781లో ఆయన పెండ్లాడిన డొరతి గారికి చదువు రాదు. వివాహ పుస్తకములో గుర్తు మాత్రము పెట్టిరి. 1793లో ఇండియాకు రమ్మనగా ఆమె మొదట ఒప్పుకొనలేదు. ఓడ ఆలస్యమై మరల బలవంతము చేయగా, చెల్లెలు తోడు రాగా, చంటిబిడ్డనెత్తుకొని బయలుదేరిరి. మరుసటి యేడు ముద్నాబాటీలో ఐదేండ్ల పీటరు విరేచనములతో చనిపోయెను. అటుపిమ్మట ఆ తల్లికి మతి చలించెను, మరల కుదుటపడలేదు. భర్తమీద లేనిపోని నిందలు మోపుచుండిరి. ఆయన ఆమెను ఇంటినుండి పంపివేయలేదు. ప్రక్క గదిలో ఆమె కేకలు వేయుచుండగా ఈ గదిలో బల్లయొద్ద కూర్చుండి లేఖనములు తర్జుమా చేయుచుండెను.

ఆయన ఓర్పును మెచ్చుకొనుట సులభమే. అయితే ఆమె మొదట వద్దనిన మాటకు ఎంత విలువ ఇచ్చిరని మేము అడుగకుండ ఉండలేము. కుమారులు సహా అదుపు తప్పిరి. మార్ష్‌మన్ గారి భార్య హన్నా గారును, అచ్చుపని చూచు వార్డు గారును వారిని దగ్గరకు తీసికొని దిద్దిరి. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయమును ఈ మాసము ఇంటింట చదివి, భార్యాభర్తలు కలిసి ఈ సంగతి మాటలాడుకొందురు గాక.

డొరతి గారు 1807 డిసెంబరు 8వ తేదీన సేరంపూరులో కన్నుమూసిరి. మన క్రొత్త నిబంధన అచ్చగుటకు అప్పటికింకను పదకొండేండ్లుండెను.