నర్సు ఎడిత్ కావెల్

రోగిని చూచిన నర్సు మొదట ఏమి అడుగవలెను? నీవెవరివాడవనియా, నీకు నొప్పి ఎక్కడ ననియా? ఎడిత్ కావెల్ జీవితములో మనకు జవాబు కలదు.

ఈమె 1865 డిసెంబరు 4న ఇంగ్లండులోని స్వార్డ్‌స్టన్ అను పల్లెలో పాదిరిగారి కుమార్తెగా జన్మించెను. లండనులో నర్సుపని నేర్చుకొని, 1907లో బెల్జియము దేశపు బ్రస్సెల్సు పట్టణములో నర్సుల శిక్షణాలయమునకు పెద్దయయ్యెను.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనప్పుడు ఆమె ఇంగ్లండులో తల్లియొద్ద నుండెను. అచ్చటనే క్షేమముగా నుండవచ్చును. అయినను తన పనికి తిరిగి వెళ్లెను. త్వరలోనే జర్మనులు బ్రస్సెల్సును పట్టుకొనిరి. గాయపడినవాడు ఏ దేశపువాడైనను సమానముగా చూడవలెనని ఆమె నర్సులకు నేర్పెను. తన దేశముతో పోరాడుచున్న జర్మను సిపాయిలకును ఆమె ఆసుపత్రిలో పరిచర్య జరిగెను.

చిక్కుబడిన సుమారు 200 మంది మిత్రపక్షపు సిపాయిలు తప్పించుకొనుటకు కూడ ఆమె సహాయము చేసెను. అందుకై 1915 ఆగస్టులో జర్మనులు ఆమెను బంధించిరి. విచారణలో ఆమె అబద్ధమాడక, చేసినది ఒప్పుకొనెను. అక్టోబరు 11 రాత్రి ప్రభు భోజనము పుచ్చుకొని, ఎవరిమీదను ద్వేషము పెట్టుకొనరాదని చెప్పెను. మరునాటి ఉదయము ఆమెను తుపాకులతో కాల్చి చంపిరి. అప్పటికామె వయస్సు 49 సంవత్సరములు.

మంచి సమరయుని కథ మనకందరకు కంఠతా వచ్చును. మనతో మాటలు లేని యింటిలో ఒకరు మంచము పట్టినప్పుడు, ఆ గడప తొక్కుచున్నామా?