మలుపులు నేర్చినవాడు: మైక్ హెయిల్‌వుడ్

డబ్బున్న తండ్రి కొడుకు పందెంలో గెలిస్తే, గెలిచింది తండ్రి డబ్బేనంటారు లోకులు. 1957, 58 ప్రాంతాల ఇంగ్లండులో మోటారు సైకిల్ పందేల దగ్గర మైక్ హెయిల్‌వుడ్ గురించి వినిపించిన గుసగుస యిదే. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ కొంత నిజం ఎంత, మిగిలినది ఎవరిది అన్నదే యీ జీవిత కథలో తేలవలసిన లెక్క.

మైక్ 1940 ఏప్రిల్ 2వ తేదీన ఆక్స్‌ఫర్డుకు దగ్గర్లోని గ్రేట్ మిల్టన్‌లో పుట్టాడు. తండ్రి స్టాన్ హెయిల్‌వుడ్ యుద్ధానికి ముందు తానూ పందేల్లో దిగినవాడే. తర్వాత మోటారు సైకిళ్ళ వ్యాపారంలో బాగా గడించాడు. కుర్రవాడు చిన్నప్పుడే యింటి దగ్గరి పొలంలో బుల్లి మోటారు బండి నడిపాడు. నౌకాదళపు క్రమశిక్షణ నేర్పే పాంగ్‌బోర్న్ కళాశాలలో వేస్తే చదువు మధ్యలోనే మానేసి వచ్చాడు. కొన్నాళ్ళు తండ్రి కొట్లో, కొన్నాళ్ళు ట్రయంఫ్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1957 ఏప్రిల్ 22న ఔల్టన్ పార్కులో మొదటి పందెం. అప్పటికి పదిహేడేళ్ళు. తండ్రి స్నేహితుడొకాయన యిచ్చిన 125 సి.సి. ఎం.వి. అగస్టా బండి ఎక్కి పదకొండో వాడుగా వచ్చాడు. మన భాషలో చెప్పాలంటే గట్టెక్కాడు, అంతే!

మరో తండ్రి అయితే యింకా ఖరీదైన బండి కొనిచ్చి వూరుకునేవాడు. స్టాన్ బండ్లూ కొన్నాడు, మెకానిక్కులనూ పెట్టాడు. కానీ నా వుద్దేశంలో ఆయన చేసిన అసలు పని వేరే. చలికాలంలో ఇంగ్లండులో పందేలుండవు. దక్షిణాఫ్రికాలో అప్పుడు ఎండాకాలం. ఆ 1957-58 చలికాలంలో డేవ్ చాడ్విక్ అనే అనుభవజ్ఞుడైన రేసు వీరుడికి తోడుగా కొడుకును అక్కడికి పంపాడు. రేసింగు నేర్పే బడులు యిప్పటిలా వీధికొకటి లేని రోజులవి. పెద్దవాడి వెంటపడి నేర్చుకోవడమే గురుకులం.

ఇంతకీ యీ విద్యలో గురువు నేర్పేదేముంది? ఆక్సిలరేటరు తిప్పడం ఎవడికి రాదు? సరళరేఖ మీద ఎవడైనా వీరుడే. పందెం తేలేది మలుపు దగ్గర. టైరు నేలను పట్టుకునే పట్టు యింత అని వుంటుంది. అది జేబులో రూపాయి లాంటిది. బ్రేకుకు ముప్పావలా ఖర్చు పెడితే, బండి వంచడానికి మిగిలేది పావలాయే. అందుకని బండి నిటారుగా వుండగానే గట్టి బ్రేకు వెయ్యాలి, తర్వాతే వంచాలి. మలుపు బయటి అంచు నుంచి లోపలి అంచును తాకి మళ్ళీ బయటి అంచుకు వెళితే వంపు వెడల్పవుతుంది, వేగం నిలుస్తుంది. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు తెరుచుకునే చోట వుండాలి. మలుపు లోంచి గంటకు ఐదు మైళ్ళు ఎక్కువ వేగంతో బయటపడ్డవాడికి ఆ లాభం తర్వాతి సరళరేఖ పొడుగునా అందుతూనే వుంటుంది. ఇవన్నీ నోటితో చెప్పవచ్చు. కానీ తెలిసినవాడి వెనక చక్రం పట్టుకుని పోతూ, అతను ఎక్కడ బ్రేకు వేశాడో, ఎక్కడ వేయకుండా వూరుకున్నాడో చూస్తేనే వొంటబడుతుంది. ఆ చాడ్విక్ 1959లో బెల్జియంలోని మెట్టె పందెంలో పడి చనిపోయాడు. ఆ కాలంలో పాఠం చెప్పినవారికీ, విన్నవారికీ ప్రమాదం ఒకటే.

1958లో మైక్ ఐల్ ఆఫ్ మాన్ దీవికి వెళ్ళాడు. అక్కడి టి.టి. పందెం ట్రాకు మీద జరిగేది కాదు. వూళ్ళ మధ్యగా, రాతి గోడల పక్కగా, కొండ మీదుగా సాగే 37.73 మైళ్ళ మామూలు రోడ్డు. రెండు వందల పైచిలుకు మలుపులు. అందరినీ ఒకేసారి వదలరు. వ్యవధి యిచ్చి పంపుతారు. ఎదురుగా అనుసరించడానికి ఎవరూ వుండకపోవచ్చు. మలుపులన్నీ కంఠస్థం కావాలి, అమరకోశంలా. ఆ మొదటి యేడే 250 సి.సి. పందెంలో మూడోవాడుగా వచ్చాడు. మరుసటి యేడు అల్‌స్టర్‌లో డుకాటి మీద మొదటి గ్రాండ్ ప్రీ గెలిచాడు.

1961లో లెక్క తేలింది. ఒకే వారంలో మూడు టి.టి. పందేలు గెలిచాడు. అంతకు ముందు ఎవరూ చెయ్యనిది. 125, 250 సి.సి. పందేల్లో అప్పుడే పైకొస్తున్న జపాను హోండాలు అతని బండ్లు. 500లో మాత్రం బిల్ లేసీ చేతి పనితనంతో తయారైన ఒంటి సిలిండరు నార్టన్. ప్రత్యర్థి గ్యారీ హాకింగ్ ఎం.వి. అంతకంటే వడిగల యంత్రం. అయినా పందెం చివరికి నిలిచింది నార్టన్. 350లోనూ ఆఖరి చుట్టులో ముందే వున్నాడు. పిస్టను పిన్ను విరక్కపోతే నాలుగూ అతనివే. డబ్బు మాట అన్నవాళ్ళు ఆ వారం నాలుక కరుచుకున్నారు.

తర్వాతి కథ రికార్డు పుస్తకాల్లో వుంది. 1962 నుంచి 65 వరకు ఎం.వి. మీద 500 సి.సి. ప్రపంచ చాంపియను. 1966, 67లలో హోండా మీద 250, 350 రెండూ అతనివే. 1961 నాటి 250తో కలిపి తొమ్మిది టైటిళ్ళు, 76 గ్రాండ్ ప్రీ విజయాలు. బండి లోపలి వ్యవహారం మీద అతనికి పెద్ద ఆసక్తి లేదంటారు. ఇంజనీరింగు మిత్రులు నొచ్చుకోకూడదు! ఏ బండి యిస్తే దాని లోపాన్ని కప్పిపుచ్చి నడిపేవాడు. 1967 సీనియర్ టి.టి.లో హోండా 500 యింజనుకు బలం వుంది గానీ చట్రానికి పొందిక లేదు. పైగా ఆక్సిలరేటరు పిడి వూడొస్తుంటే మధ్యలో ఆగి సుత్తితో కొట్టుకుని మళ్ళీ బయల్దేరాడు. అగస్టీని గొలుసు తెగి ఆగిపోయాడు. ఆ రోజు హెయిల్‌వుడ్ నెలకొల్పిన గంటకు 108.77 మైళ్ళ చుట్టు రికార్డు 1975 దాకా చెక్కు చెదరలేదు.

1968లో హోండా మోటారు సైకిల్ పందేల నుంచి తప్పుకుంది. అతను కార్లకు మారాడు. అక్కడ అంత వెలగలేదు. కానీ 1973లో దక్షిణాఫ్రికాలోని కయలామిలో ఢీకొని మండుతున్న కారులోంచి క్లే రెగజోనీని లాగాడు. తన బట్టలంటుకుంటే ఆర్పించుకుని మళ్ళీ మంటల్లోకే వెళ్ళాడు. జార్జి మెడల్ అందుకు. మరుసటి యేడు జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ ప్రమాదంలో కాలు దెబ్బతిని కార్ల పందేలూ ముగిశాయి.

1978లో, ముప్పై ఎనిమిదో యేట, పదకొండేళ్ళ తర్వాత, మళ్ళీ ఆ దీవికే వచ్చాడు. పిచ్చి పని అన్నవాళ్ళే ఎక్కువ. అంతకు ముందు యేడు ఆస్ట్రేలియాలో ఆరు గంటల పందెంలో జంట రైడరుగా పాల్గొని చెయ్యి సరిచూసుకున్నాడు గానీ, టి.టి. వేరు. పాత పోటీదారు ఫిల్ రీడ్ హోండా మీద వున్నాడు. హెయిల్‌వుడ్‌ది డుకాటి. రోడ్డు మీదే రీడ్‌ను దాటాడు, గెలిచాడు. మలుపులు మరిచిపోలేదు! 1979లో సుజుకి మీద సీనియర్ టి.టి. కూడా గెలిచి, పద్నాలుగో విజయంతో ఆ దీవికి సెలవు చెప్పాడు.

1981 మార్చి 21 సాయంత్రం యిద్దరు పిల్లలను కార్లో ఎక్కించుకుని చేపల వేపుడు తేవడానికి బయల్దేరాడు. నిషేధించిన చోట వెనక్కి తిరుగుతున్న లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. కూతురు అక్కడికక్కడే పోయింది. కొడుకు బతికాడు. రెండు రోజులకు, 23న, హెయిల్‌వుడ్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. నలభై ఒకటి యింకా నిండలేదు. లారీ డ్రైవరుకు కోర్టు విధించిన జరిమానా 100 పౌన్లు.