రాజు మారినా మారని సేవకుడు

సంఘచరిత్రలో బోధకుల పేర్లు మనకు తెలిసినంతగా, రాజుల కొలువులో ఉండి విశ్వాసాన్ని కాపాడుకొన్నవారి పేర్లు తెలియవు. ఫ్రాన్సు దేశపు కులీన వంశస్థుడు, రాయబారి ఫిలిప్ దుప్లెసీ మోర్నే అటువంటివారిలో ఒకరు.

1549లో బ్యూయీ అనే ఊరిలో ఆయన జన్మించారు. తండ్రి రోమన్ కాథలిక్. తల్లి మనసు సంస్కరణ బోధవైపు ఉండేది. భర్త మరణించాక ఆమె ఆ విశ్వాసాన్ని బాహాటంగా ఒప్పుకొన్నది. 1572 ఆగస్టులో పారిస్‌లో ప్రొటెస్టెంట్ల ఊచకోత జరిగినప్పుడు మోర్నే ఆ నగరంలోనే ఉన్నారు. ప్రాణాలు దక్కించుకొని ఇంగ్లాండు చేరారు. అదే మారణకాండను తప్పించుకొన్న షార్లట్ ఆర్బలెస్త్ అనే విధవరాలిని 1576లో వివాహమాడారు.

ప్రొటెస్టెంట్ల నాయకుడైన నవార్ రాజు హెన్రీ తరఫున ఆయన ఇంగ్లాండుకు, నెదర్లాండ్సుకు రాయబారిగా వెళ్లారు. ఆ పనుల నడుమనే క్రైస్తవ మత సత్యాన్ని గూర్చి గ్రంథం వ్రాసి 1581లో ప్రచురించారు. 1589లో సోమ్యూర్ పట్టణానికి గవర్నరయ్యారు. అదే ఏట హెన్రీ ఫ్రాన్సుకు రాజయ్యాడు.

అసలు పరీక్ష 1593లో వచ్చింది. రాజ్యం నిలుపుకోవడానికి హెన్రీ కాథలిక్ మతం స్వీకరించాడు. మోర్నే ఎంతో దుఃఖించారు. అయినా తిరుగుబాటు చేయలేదు, రాజు వెంట మతమూ మారలేదు. తన ప్రజల హక్కుల కోసం పాటుపడుతూనే ఉన్నారు. 1598లో నాంత్ శాసనం వారికి ఆరాధనా స్వేచ్ఛనిచ్చింది. సోమ్యూర్‌లో ఆయన స్థాపించిన విద్యాపీఠం ఎందరో కాపరులను తయారుచేసింది.

ఆయన లోపం లేనివారని మేము చెప్పడం లేదు. ప్రభురాత్రి భోజనంపై ఆయన వ్రాసిన గ్రంథంలో పూర్వపు సంఘపితరుల మాటలను తప్పుగా ఉదహరించారని ఒక బిషప్ ఆరోపించాడు. 1600లో రాజు ఎదుటే జరిగిన విచారణలో మోర్నే ఓడిపోయి అవమానం పొందారు. వాక్యసేవలో కలం పట్టే మాకు ఇది హెచ్చరికే. సత్యం మన పక్షాన ఉన్నదన్న ధైర్యంతో పరిశీలన మానుకోకూడదు.

ఇంట్లో వచ్చిన దెబ్బ ఇంకా పెద్దది. షార్లట్ తన కుమారునికి మార్గదర్శకంగా ఉండాలని తండ్రి జీవితచరిత్ర వ్రాయసాగింది. 1605లో ఆ కుమారుడు నెదర్లాండ్సు యుద్ధంలో మరణించాడు. చదవవలసినవాడే లేకపోగా, ఆ వార్తతోనే ఆమె రచన ముగించింది. మరుసటి ఏడు ఆమె కూడా కన్నుమూసింది. 1621లో కొత్త రాజు పదమూడవ లూయీ సోమ్యూర్‌ను సైతం ఆయన చేతినుండి తీసుకొన్నాడు. 1623లో మోర్నే ప్రభువునందు నిద్రించారు.

రాజు, కుమారుడు, పదవి, అన్నీ ఆయనకు దూరమయ్యాయి. విశ్వాసం మాత్రం దూరం కాలేదు. అధికారుల గుమ్మాల్లో నిలబడే అవకాశం మన సంఘ పెద్దలకూ కలుగుతూ ఉంటుంది. అక్కడ మేలు కోరి పనిచేద్దాం. అయితే ఆ గుమ్మం దాటేటప్పుడు మనస్సాక్షిని బయట వదిలి వెళ్తున్నామా అని ఒక్కసారి ఆగి చూసుకొందాం.