కొమర్రాజు వేంకట లక్ష్మణరావు: శాస్త్రరచనలో సుబోధత

తెలుగున శాస్త్రరచనకు పూర్వరంగం లేకపోలేదు. పదకొండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. అయితే ఛందోబద్ధమైన ఆ గణితం గురుముఖతః నేర్చుకొనే శిష్యునికి ఉద్దిష్టమైనది. గురువు చెంత లేని పాఠకుడు ఒంటరిగా తెరచి గ్రహింపగల శాస్త్రవచనాన్ని ఒక ఉద్యమంగా నడిపినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

వారు 1877 మే 18న నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రి గతించారు. భువనగిరిలో కొంతకాలం చదివి, పిదప నాగపూరులో అక్కగారైన భండారు అచ్చమాంబ ఇంట ఉండి విద్యాభ్యాసం సాగించారు. అక్కడ మరాఠీ వారికి రెండవ మాతృభాష వంటిదైంది. ఆ భాషలో వ్యాసాలు కూడ ప్రకటించారు. తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినిపించే బోధన్ ప్రాంతీయులకు ఇది వింతగా తోచదు. ఒక భాషలో నేర్చినదానిని మరొక భాషలో చెప్పవలసి వచ్చినప్పుడే అది ఎంతవరకు నిజంగా తెలిసినదో బయటపడుతుంది. లక్ష్మణరావుగారి వచనంలోని తేటదనానికి ఈ అభ్యాసమే మూలమని నా అభిప్రాయం.

ఎం.ఏ. పట్టభద్రులై, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేస్తూ, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలోను, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనలోను వారు ప్రముఖపాత్ర వహించారు. మండలి తరువాత మద్రాసుకు తరలింది. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రం, మంత్రిప్రెగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రం మండలి ద్వారా వెలువడ్డాయి. చరిత్రరంగంలో లక్ష్మణరావుగారే శివాజీ చరిత్రం, హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం రచించారు.

మండలి గ్రంథాల భాష సరళగ్రాంథికం; పారిభాషికపదాలు అధికభాగం సంస్కృతాలు. కనుక అవి నేటి పాఠకునికి సుబోధాలు కావని కొట్టివేయడం తొందరపాటు. శాస్త్రరచనలో క్లిష్టత పదంవల్లకంటె క్రమభంగంవల్ల ఎక్కువగా కలుగుతుంది. చెరకు విషయమే చూడండి. ఇక్షురసాన్ని శుద్ధిచేసి స్ఫటికీకరింపవలెనని వ్రాస్తే బోధన్ రైతుబిడ్డకు ఏమీ బోధపడదు. గానుగాడిన రసంలో సున్నం కలిపి కాస్తే మడ్డి అడుగున దిగుతుందని, తేరిన రసాన్ని చిక్కబరిస్తే పలుకులు కడుతుందని, ఆ పలుకుల నుండి మొలాసిస్‌ను వేరుచేస్తారని చెప్పిన పిమ్మట స్ఫటికీకరణమనే మాటను చేర్చినా బరువనిపించదు. అప్పుడది తెలిసిన వస్తువుకు పేరు మాత్రమే.

నిజాం రాష్ట్రంలో ఈ సమస్య మరింత తీవ్రం. 1917లో నెలకొన్న అనువాదశాఖ శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. మరుసటి యేడు ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూయే బోధనభాష. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని నిరూపించిన ఆ ప్రయత్నం ప్రశంసనీయమే. కాని 1937లో నిజామాబాదున ఆరవ ఆంధ్రమహాసభ జరిగేనాటికి గూడ ఇంట తెలుగు మాట్లాడే విద్యార్థికి రసాయనశాస్త్రం పరభాషలోనే అందుతూ ఉండింది. మరుసటి సంవత్సరం బోధన్‌లో పని ప్రారంభించి 2015లో మూతపడిన చక్కెర కర్మాగారంలోని ప్రక్రియలను తెలుగులో వివరించే గ్రంథం కోసం ఆ విద్యార్థి మద్రాసు ముద్రణలవైపే చూడవలసి వచ్చేది.

లక్ష్మణరావుగారి ఆశయం అంతకంటె విస్తృతం. 1912 ప్రాంతంలో వారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వానికి పూనుకొన్నారు. ఆంగ్లంలోని బ్రిటానికా ఆదర్శం. అకారాదిక్రమంలో ఒక్కొక్క విషయాన్ని తద్‌జ్ఞులచే వ్రాయించి, తాము స్వయంగా వ్రాసి, పరిష్కరించి ముద్రింపించడం ఒక సంస్థ చేయదగిన పని. దాని భారం ప్రధానంగా ఒక వ్యక్తి మీద పడింది. ఆరోగ్యం క్షీణించినా విరమించలేదు. 1923 జూలై 12న మద్రాసులో పరమపదించారు. అప్పటికి వారికి నలువది యారేండ్లు.

తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ కృషిని పునరుద్ధరించారు గాని, 1938లో వారి మరణంతో అదీ ఆగిపోయింది. లక్ష్మణరావుగారు వెలువరించిన మూడు సంపుటాలు అకారాన్ని దాటలేదు. ఇక్షువు గాని, చెరకు గాని వారి చేతిమీదుగా వివరణకు నోచుకోలేదు.