పుస్తకాల బైండర్ చుట్టిన రాగితీగ

అప్లికేషన్ పెట్టి వారాలు గడిచినా జవాబు రాకపోతే ఎలా ఉంటుందో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. మైకేల్ ఫారడేకీ అది తెలుసు. సైన్సులో ఏ చిన్న పనైనా సరే ఇప్పించమని లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఉత్తరం రాస్తే, జవాబే లేదు.

1791లో ఓ కమ్మరి ఇంట్లో పుట్టాడు. చదవడం, రాయడం, కాస్త లెక్కలు... బడి చదువు అంతవరకే. 14 ఏళ్లకు పుస్తకాల బైండింగ్ షాపులో ఏడేళ్ల అప్రెంటిస్‌గా చేరాడు. బైండింగుకు వచ్చినవన్నీ చదివేసేవాడు. ఓ ఎన్‌సైక్లోపీడియాలో విద్యుత్తు గురించి చదివాక ఇక ఆ ధ్యాసే. 1812లో షాపుకు వచ్చే ఒకాయన టికెట్లిస్తే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. ఆ నోట్సును బొమ్మలతో సహా సాఫుగా రాసి, సుమారు 300 పేజీలు స్వయంగా బైండు చేసి డేవీకే పంపాడు. 'హార్డ్ వర్కింగ్' అని రాసుకున్న రెజ్యూమె దీని ముందు ఏపాటిది చెప్పండి!

డేవీ పిలిచి మాట్లాడాడు కానీ ఖాళీ లేదన్నాడు. కొన్ని వారాలకే అక్కడి సహాయకుడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అలా 1813 మార్చిలో ఫారడే చేరాడు. వారానికి 25 షిల్లింగుల జీతం, పై అంతస్తులో రెండు గదులు. డేవీ దంపతుల వెంట యూరప్ వెళ్లినప్పుడు నౌకరు పనులూ చేయాల్సి వచ్చింది. అయినా మానేయలేదు.

గుడివాడలోనో అవనిగడ్డలోనో చెరువు మోటారు కాలిపోతే రీవైండింగ్ షాపులో రాగితీగ చుట్టడం చూసే ఉంటారు. 1831 ఆగస్టు 29న ఫారడే చేసిందీ అలాంటి పనే. ఇనుప రింగుకు ఒకపక్క ఒక చుట్ట, రెండోపక్క ఇంకో చుట్ట చుట్టాడు. మొదటి దాన్ని బ్యాటరీకి కలిపాడు, రెండో దాని దగ్గర అయస్కాంత సూది పెట్టాడు. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ సూది కదల్లేదు. కలిపినప్పుడు, తీసినప్పుడు మాత్రం ఉలిక్కిపడింది. అంటే అయస్కాంత శక్తి మారుతున్నప్పుడే పక్క తీగలో కరెంటు పుడుతోంది. మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. మచిలీపట్నంలో 1926లో మొదలై తర్వాత బీఈఎల్‌లో కలిసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ కాలేజీ ల్యాబులకు పరికరాలు చేసిచ్చేది. ఆ ల్యాబుల్లో చేసే విద్యుత్ ప్రయోగాల్లో చాలావాటి మూలం కూడా ఇక్కడే ఉంది.

అదే సూత్రం 1985లో మనిషి తల దాకా వచ్చింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తీగచుట్టను తలకు ఆనించి, క్షణంలో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు కరెంటు వదిలింది. పుర్రెకు కోత లేదు. లోపల మెదడులో చిన్న కరెంటు పుట్టి, వేళ్లు కదిలాయి. దీన్నే టీఎంఎస్ అంటున్నారు.

బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లకు కొందరికి కుట్లు మానినా నొప్పి మానదు. తలనొప్పి, ఒంట్లో ఒక పక్క మంట నెలల తరబడి ఉంటాయి. స్కాన్ బాగుందంటే ఇంట్లోవాళ్లే నటన అనుకుంటారు. అసలు సంగతేమిటంటే, నొప్పిని మోసే నరాల వ్యవస్థే అదుపు తప్పుతుంది. కదలికల్ని నడిపే మెదడు భాగంపై సెకనుకు పదిసార్ల చొప్పున ఈ అయస్కాంత దెబ్బలు కొడితే, నరాల నొప్పి ఉన్న కొందరికి కొంతకాలం తగ్గుతోంది. తలగాయం తర్వాతి నొప్పిపై జరిగిన పరీక్షలు మాత్రం చిన్నవి. ఖాయమైన వైద్యం అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే నమ్మొద్దు. తలలో లోహపు క్లిప్పులున్నా, ఫిట్స్ వచ్చినా ముందే డాక్టరుకు చెప్పాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ యంత్రాలు ఎక్కువగా మానసిక సమస్యలకు వాడుతున్నారు. ఫిజిక్స్, బయోమెడికల్, ఫిజియోథెరపీ, సైకాలజీ చదివేవాళ్లు కలిసి పనిచేసే చోటిది.

ఫారడే తలకే సరైన వైద్యం దొరకలేదు. నలభై ఎనిమిదో ఏట నుంచి తలనొప్పి, కళ్లు తిరగడం, మతిమరుపు పట్టుకున్నాయి. కొన్నేళ్లు పరిశోధన దాదాపు ఆపేసి, 1841లో స్విట్జర్లాండ్‌లో విశ్రాంతి తీసుకున్నాడు. డైరీలో ప్రతి పేరాకూ నంబరు వేసేవాడు. అవి 16 వేలు దాటాయి. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవినీ వద్దన్నాడు. ఒకప్పుడు తన ఉత్తరానికి జవాబివ్వని పదవే అది! 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంట్లో, కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు.