హెండ్రిక్స్ ఆంప్ ముందు రెండు మైకులు

పోయిన సెమిస్టర్‌లో మా మ్యూజిక్ క్లబ్ వాళ్ళం ఒక పాట రికార్డు చేద్దామని కూర్చున్నాం. గిటార్ ఆంప్ ముందు ఒక డైనమిక్ మైకు, ఒక కండెన్సర్ మైకు పెట్టాం. విడివిడిగా వింటే రెండూ బాగున్నాయి. కలిపి వింటే మాత్రం గిటార్ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు పల్చగా ఉంది. తప్పెక్కడో వెతుక్కుంటూ పోతే చివరికి 1967 నాటి లండన్‌లో, జిమి హెండ్రిక్స్ దగ్గర తేలాను. గిటార్ పట్టుకున్న ప్రతివాడికీ హెండ్రిక్స్ పేరు తెలుసు. ఆ శబ్దం టేపు మీదికి ఎలా ఎక్కిందో మాత్రం చాలామందికి తెలీదు. అందుకే ఈ వ్యాసం.

హెండ్రిక్స్ 1942 నవంబరు 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. మొదట పెట్టిన పేరు జానీ అలెన్. అప్పుడు సైన్యంలో ఉన్న తండ్రి తిరిగొచ్చాక, 1946లో దాన్ని జేమ్స్ మార్షల్ అని మార్చాడు. ఈ మార్షల్ అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఇంట్లో పేదరికం, గొడవలు. తల్లీతండ్రీ విడిపోయారు. బళ్ళో చీపురుకట్టనే గిటార్‌లా పట్టుకుని వాయిస్తున్నట్టు ఆడుకునేవాడు. ఒకరోజు ఎవరింట్లోనో చెత్త తీసే పనిలో తండ్రికి సాయం చేస్తుంటే ఒకే ఒక్క తీగ ఉన్న ఉకులేలే దొరికింది. ఆ ఒక్క తీగ మీదే విన్న పాటల్ని పట్టుకోవడం మొదలుపెట్టాడు. 1958లో తల్లి చనిపోయింది. అప్పుడతనికి 15 ఏళ్ళు. ఆ ఏడాదే 5 డాలర్లకి మొదటి గిటార్ చేతికొచ్చింది. మరుసటేడు తండ్రి ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చాడు. ఎడమచేతివాటం కాబట్టి, ఆ తర్వాత కూడా కుడిచేతి గిటార్లనే తిరగేసి, తీగలు మార్చి కట్టుకుని వాయించాడు.

దొంగిలించిన కార్లలో తిరుగుతూ పోలీసులకి దొరికితే జైలా, సైన్యమా అన్న ప్రశ్న వచ్చింది. 1961లో సైన్యంలో చేరి పారాచూట్ దళంలో పనిచేశాడు. మరుసటేడు బయటికొచ్చేశాడు. తర్వాత నాలుగేళ్ళు ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ లాంటి పెద్దవాళ్ళ వెనక నిలబడి వాయించడమే బతుకు. 1966లో న్యూయార్క్‌లో అతని వాయింపు విన్న ఛాస్ చాండ్లర్ అతన్ని లండన్ తీసుకెళ్ళాడు. సెప్టెంబరు 24న అక్కడ దిగేసరికి అతనికి ఇంకా 24 నిండలేదు. కొద్దివారాల్లోనే బేస్ మీద నోయెల్ రెడింగ్, డ్రమ్స్ మీద మిచ్ మిచెల్‌తో బ్యాండు తయారైంది.

ఆంప్‌లు తయారుచేసే జిమ్ మార్షల్ దుకాణంలో మిచ్ మిచెల్ అంతకుముందు పనిచేశాడు. అలా జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్ చేతికి మార్షల్ ఆంప్ వచ్చింది. 100 వాట్ల హెడ్, ఒక్కో పెట్టెలో నాలుగు 12 అంగుళాల స్పీకర్లు. దాన్ని అతను నిండా తిప్పి వాయించేవాడు. అంత సౌండులో స్పీకర్ గాలి వెనక్కి వచ్చి గిటార్ తీగల్నే ఊపుతుంది, ఆ ఊపు మళ్ళీ ఆంప్‌లోకి పోతుంది. మనం ఫీడ్‌బ్యాక్ అని తిట్టుకుని ఆపేసేదాన్ని అతను స్వరంగా వాడుకున్నాడు. అంటే అతని వాయిద్యం గిటార్ ఒక్కటే కాదు. గిటార్, ఆంప్, మధ్యలో గది, మూడూ కలిసి ఒక వాయిద్యం. మరి గదిని టేపు మీదికి ఎక్కించేదెలా?

ఆ పని ఎడ్డీ క్రేమర్ మీద పడింది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ ఇంజనీరు కూడా 1942లో పుట్టినవాడే. 1967లో లండన్ బార్న్స్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ఇద్దరూ కలిశారు. హెండ్రిక్స్ గిటార్‌కి క్రేమర్ ముఖ్యంగా వాడిన మైకులు రెండు: బేయర్ ఎం160, న్యూమన్ యు67. దగ్గరి మైకునీ దూరపు మైకునీ కలపడం ఆయన పద్ధతి.

ఈ రెండూ ఎందుకు? మన సిలబస్‌లోనే జవాబుంది. డైనమిక్ మైకులో పల్చటి పొర వెనక తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదులుతుంది. ఫారడే నియమం, అంతే. చుట్టకి బరువుంటుంది కాబట్టి చాలా వేగంగా మారే శబ్దాల్ని పూర్తిగా అందుకోలేదు. ఎం160 రిబ్బన్ మైకు. అందులో చుట్ట బదులు పల్చటి అల్యూమినియం రిబ్బన్ ఉంటుంది. సూత్రం అదే, డైనమిక్‌కి దగ్గర చుట్టం. పైస్థాయి శబ్దాల్ని మెత్తబరిచి గిటార్ కండని పట్టుకుంటుంది. యు67 కండెన్సర్. అదొక కెపాసిటర్. ఒక ప్లేటు కొన్ని మైక్రాన్ల మందమున్న పొర. అది కదిలితే కెపాసిటెన్స్ మారి వోల్టేజి మారుతుంది. తేలిక కాబట్టి తీగ మీద గోరు గీత దగ్గర్నుంచి గది గోడల జవాబు దాకా అన్నీ వింటుంది. ఒకటి కండ, ఇంకొకటి ఊపిరి.

కానీ కలపడంలో ఒక గోతి ఉంది. మేం పడింది అందులోనే. మా కండెన్సర్ మైకు డైనమిక్ కన్నా 17 సెంటీమీటర్లు, అంటే జాన కంటే కాస్త తక్కువ, వెనక ఉంది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ 17 సెంటీమీటర్లకి సుమారు అర మిల్లీసెకను పడుతుంది. 1000 హెర్ట్‌జ్ తరంగానికి అది సరిగ్గా సగం చుట్టు. ఒక మైకు తరంగం శిఖరాన్ని వింటుంటే రెండోది లోయని వింటుంది. కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 3000, 5000 దగ్గరా అదే గతి. గ్రాఫ్ గీస్తే దువ్వెన పళ్ళలా కనిపిస్తుంది. గిటార్ ప్రాణమంతా ఉండేది అక్కడే. కాబట్టి రెండు మైకుల పొరల్నీ స్పీకర్‌కి సమాన దూరంలో పెట్టాలి, లేదా రెండోదాన్ని మీటర్ల దూరం లాగాలి. దూరం పెరిగితే దువ్వెన పళ్ళు బాగా దగ్గరపడతాయి, స్థాయి కూడా తగ్గుతుంది. అప్పుడు చెవికది బోలుతనంలా కాక గదిలా వినిపిస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న జానెడు దూరమే ప్రమాదం.

మనకైతే కంప్యూటర్ తెరమీద తరంగాన్ని పక్కకి జరుపుకునే వీలుంది. ఒలింపిక్‌లో ఉన్నది నాలుగు ట్రాకుల టేపు. గిటార్‌కి దక్కే ఒక్క ట్రాకులోకి అన్ని మైకులూ కలిసే పోవాలి. ఒకసారి కలిశాక విడదీయడం ఉండదు. మైకు ఎక్కడ పెట్టాలో, ఎంత కలపాలో వాయిస్తున్నప్పుడే చెవితో తేల్చుకోవాలి.

మిక్సింగ్‌లోనూ అంతే. 1967లో రెండో ఆల్బమ్ 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' మొదటి వైపు మాస్టర్ టేపుని హెండ్రిక్స్ టాక్సీలో మర్చిపోయాడు. అది మళ్ళీ దొరకలేదు. హెండ్రిక్స్, చాండ్లర్, క్రేమర్ ఒక్క రాత్రి కూర్చుని ఆ వైపంతా మళ్ళీ మిక్స్ చేశారు. ఒక పాట మాత్రం ఎంత ప్రయత్నించినా మునుపటిలా రాలేదు. చివరికి రెడింగ్ దగ్గర దాని కాపీ ఉంటే, నలిగిపోయిన ఆ టేపుని ఇస్త్రీ చేసి మరీ వాడుకున్నారు. అవే పాటలు, అవే చేతులు. అయినా ఆ పాళ్ళు మళ్ళీ కుదరలేదు.

అద్దె స్టూడియోల్లో గడియారం చూసుకుంటూ పనిచేయడం హెండ్రిక్స్‌కి పడలేదు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఒక మూసేసిన నైట్‌క్లబ్‌ని తీసుకుని సొంత స్టూడియో కట్టించాడు. నేల కింద పారే పాత వాగు నీళ్ళు లోపలికొచ్చి పని ఆగింది. ఖర్చు దాదాపు పది లక్షల డాలర్లకి చేరింది. ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోస్ పేరుతో 1970 ఆగస్టు 26న దాన్ని తెరిచారు. ప్రారంభం కాకముందే కొన్ని వారాలు క్రేమర్‌తో అక్కడ రికార్డింగు చేశాడు. ఆ వెంటనే కచేరీల కోసం ఐరోపా వెళ్ళాడు. తిరిగి రాలేదు. సెప్టెంబరు 18న లండన్‌లో చనిపోయాడు. వయసు 27. సొంత స్టూడియో తెరిచి అప్పటికి 23 రోజులు. ఆ స్టూడియో ఇప్పటికీ నడుస్తోంది.

మేమేం చేశామంటారా? స్కేలు తెచ్చి రెండు మైకుల పొరల్నీ ఒకే గీతకి తెచ్చాం. డబ్బా శబ్దం పోయింది. తర్వాత మా ఫ్రెండొకడు కండెన్సర్‌ని గది చివరికి లాగి, మళ్ళీ వాయించమన్నాడు. ఈసారి ఎవరూ తెర వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని విన్నాం. పాటలో ఉంచింది ఆ టేకే.